గాజు డబ్బాలో ఆఖరి కూర

ముప్పై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మా బావ మోటారు చప్పుడు విని రోగం చెప్పేస్తాడు. వంటింట్లోకి వస్తే మాత్రం నీళ్లు కూడా మాడగొడతాడని అక్క వెక్కిరించేది. అందుకే ఆస్పత్రిలో చేరే ముందు, నిలబడే ఓపిక లేకపోయినా, స్టూలు మీద కూర్చుని మూడు రోజులు వండింది. అంతా ప్లాస్టిక్ డబ్బాల్లో సర్ది, ఒక్కోదానికి చీటీ అంటించి, ఫ్రీజర్ నింపింది. తిరిగి రానని ఆమెకు తెలుసు. మాకెవరికీ చెప్పలేదు, మొండిఘటం.

ఆమె పోయాక బావ ఆదివారానికో డబ్బా చొప్పున తిన్నాడు. ఫ్రీజర్‌లోంచి తీసి, అలాగే మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి, నాలుగు నిమిషాలు. అక్క నేర్పిన వంట అదొక్కటే. చివరికి ఒక్క డబ్బా మిగిలింది, బంగాళాదుంప కూర. చీటీ మీద "ఉప్పు చాలదు, వేసుకోండి" అని ఉంది. దాన్ని మాత్రం ముట్టలేదు. రోజూ ఫ్రీజర్ తెరిచి చూసి, మళ్లీ మూసేవాడు.

అక్కకు ఆ జబ్బు ఎందుకొచ్చిందో డాక్టర్లు చెప్పలేదు. నాకేమో ఎవరినో ఒకరిని తిట్టాలి. దేవుణ్ణి తిట్టి తిట్టి విసుగొచ్చి ప్లాస్టిక్ మీద పడ్డాను. వేడిచేస్తే అందులోంచి ఏవేవో తిండిలోకి దిగుతాయని ఎక్కడో చదివాను. ఒక శనివారం ఆరు గాజు డబ్బాలు మోసుకెళ్లి, వాళ్లింట్లో ప్లాస్టిక్ అంతా పారేశాను. కొత్త డబ్బాలతో వచ్చిన కాగితం కూడా విప్పి చూడకుండా అదే చెత్తలో వేశాను. ఆఖరి డబ్బాను కుళాయి కింద పట్టి, గడ్డకట్టిన కూరను గాజుదాంట్లోకి జార్చి, చీటీ ఊడదీసి దానికంటించి, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టాను.

"మీ అక్క తన చేత్తో పెట్టిన డబ్బా అది," అన్నాడు బావ.

"ఆ డబ్బాలే అక్కను తిన్నాయేమో, ఎవరికి తెలుసు? గాజైతే భయం లేదు బావా. నిశ్చింతగా ఓవెన్‌లో పెట్టుకో."

బావ వెళ్లి ఫ్రీజర్ తలుపు మూశాడు.

మొన్న పొద్దున ఫ్రిజ్ ఆగిపోయింది. బావ వెనక పలక విప్పి దానితో కుస్తీ పట్టాడు. లొంగలేదు. నాకు ఫోన్ చేశాడు. "ఇవాళ తినకపోతే పాడైపోతుంది. ఒక్కణ్ణే తినలేను, నువ్వు కూడా రా."

వెళ్లేసరికి రెండు కంచాలు పెట్టి ఉన్నాయి. ఇంకా గడ్డగానే ఉన్న డబ్బాను ఎప్పటిలాగే ఓవెన్‌లో పెట్టాడు. పక్కనే ఉన్నాను. గడ్డకట్టిన గాజును ఒక్కసారిగా వేడిచేయకూడదని నాకు మాత్రం ఏం తెలుసు? రెండో నిమిషంలో టప్పుమంది.

డబ్బా అడుగు చీలిపోయింది. కూర నిండా గాజు పెంకులు. వాసన మాత్రం అచ్చం అక్క వంటే. బావ కళ్లజోడు పెట్టుకుని, పనికి తీసుకెళ్లే టార్చి వేసి, స్పూనుతో ముక్క ముక్కా కదిపి చూశాడు. ఎక్కడ కదిపినా మెరిసింది.

"పైపైన తీసుకుంటే..." అన్నాడు.

"వద్దు బావా, పేగులు తెగుతాయి."

టార్చి ఆర్పేశాడు.

"అంతా నావల్లే," అన్నాను ఏడుస్తూ.

"నీకేం తెలుసు, నాకేం తెలుసు. తెలిసిన మనిషి పోయింది," అన్నాడు.

కూరను డబ్బాతో సహా కాగితంలో చుట్టి, పారేయడానికి తనే కిందికి తీసుకెళ్లాడు. నేను కంచాలు తీద్దామని వెళ్లాను. రెండింటి అంచునా చిటికెడు ఉప్పు ముందే వేసి ఉంది. వాటిని కడగడానికి నాకు చేతులు రాలేదు.