చెల్లెలి పాత కారు

మా చెల్లెలు నాకంటే మూడేళ్ళు చిన్నది. పాతపట్నంలో ఉంటుంది. మరిది చింతపండు, జీడిపిక్కల వ్యాపారి. ఒడిశా వైపు సంతల్లో సరుకు కొని తెచ్చి ఇక్కడ అమ్ముతాడు. నేను రాజాంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన రైసుమిల్లులో గుమస్తా. చిన్నప్పుడు నాకు పొట్టయిపోయిన గౌన్లు దానికి తొడిగేవారు. అది ఎప్పుడూ పేచీ పెట్టలేదు. కొత్తగా తనకే కుట్టించినట్టు వీధంతా తిరిగొచ్చేది. అందుకేనేమో, నాకంటే ముందు అది ఏదైనా కొనుక్కోగలదన్న ఊహ కూడా నాకు రాలేదు.

అది కారు కొన్నప్పుడు ఫోన్లో "చాలా సంతోషం" అన్నాను. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఆ తర్వాత మూడేళ్ళు ఎలాగో సర్దుకున్నాను. పాలకొండలో మా పెద్దనాన్నగారి మనవరాలి పెళ్ళి జరిగిన రోజున మాత్రం సర్దుకోలేకపోయాను. అత్తగారిని బస్సెక్కించి మేం నలుగురం మోటారుసైకిలు మీద బయలుదేరాం. చిన్నపిల్ల ట్యాంకు మీద, పెద్దపిల్ల మా ఇద్దరి మధ్యన. సగం దారిలో వాన పట్టుకుంది. ఒక ఎరువుల గోడౌను చూరు కింద అరగంట నిలబడ్డాం. పెళ్ళిమండపం దగ్గర దిగేసరికి నా పట్టుచీర కుచ్చిళ్ళ నిండా బురద.

సరిగ్గా అప్పుడే చెల్లెలు కారు దిగింది. దాని చీర మడత కూడా నలగలేదు. జడలో మల్లెపూలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి, కారులోంచి తువ్వాలు తీసి నా తల తుడవడం మొదలెట్టింది.

"ఇలా తడిసిపోనావేటే అక్కా! ఒక్క ఫోను కొడితే మేమే రాజాం దాకా వొచ్చి ఎక్కించుకుందుము గదా!"

అది ప్రేమతోనే అంది. నాకు మాత్రం నలుగురి ముందూ చెంప మీద కొట్టినట్టయింది. భోజనాల దగ్గర దాని పక్కన కూర్చోకుండా కావాలనే వేరే వరసలోకి వెళ్ళాను.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తూ మా ఆయనతో "మనమూ కారు కొందాం" అన్నాను. ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశాడు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. వారానికోసారి శ్రీకాకుళం తీసుకెళ్ళి కాళ్ళకు వ్యాయామం చేయించాలి. బస్సు మెట్లు ఎక్కించడానికి ఇద్దరు పట్టుకోవాలి. కారణం దొరక్కపోలేదు. "పాతదే కొందాం. మూడు లక్షలు దాటకూడదు. పెట్రోలు ఎక్కువ తాగేది మాత్రం మనకొద్దు" అన్నాడాయన.

బొబ్బిలి రోడ్డులో షెడ్డున్న ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకుని తిరిగాం. అరవై దాటిన మనిషి, మాట మొహం మీదే అనేస్తాడు. మొదటి రోజే నాకు చెప్పాడు: "సిన్న ఇంజను, పెట్రోలు బండి, ఒక్కరే వాడింది, సామాను రాజాంలోనే దొరికేది. ఈ నాలుగూ సూడండి మేడమ్. రంగు సూస్తే మోసపోతారు."

నేను రంగే చూశాను. మొదట చూపించినది ఎర్రటి కారు. అద్దంలా మెరుస్తోంది. మెకానిక్ తలుపు అంచున రబ్బరు పీకి, సీటు కింద ఇనుప పట్టాలో వేలు పెట్టి తీశాడు. వేలికి సన్నటి ఒండ్రుమట్టి.

"ఇది వరద నీల్లలో మునిగిన బండి. వైరింగు ఎప్పుడు సచ్చిపోతాదో సెప్పలేం" అన్నాడు.

రెండోది డీజిలు కారు. వారానికి ఒక్కసారి శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళకు డీజిలెందుకని తిప్పి పంపేశాడు. మూడోదానికి మీటరు ముప్పై వేలే చూపిస్తోంది గానీ, క్లచ్చి పెడలు మీద రబ్బరు గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. "ముప్పై వేలకి ఇంతలా అరిగిపోద్దేటి? మీటరు తిప్పేసినారు" అని ఆయన బయటికి నడిచాడు. అలా రెండు నెలలు గడిచాయి.

అప్పుడు చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, మేం పెద్ద బండి బుక్ సేసినాం. పాతది అమ్మేద్దుమనుకుంటన్నాం. మీరు ఎతుకుతన్నారని అమ్మ సెప్పింది. మీరే తీసుకోండి. బయటోలు మూడున్నర అడుగుతన్నారు. మీరు రెండున్నర ఇస్తే సాలు."

చిన్న ఇంజను. పెట్రోలు. కొత్తగా కొన్నప్పటి నుంచీ వాళ్ళే వాడారు. సామాను రాజాంలోనే దొరుకుతుంది. మెకానిక్ చెప్పిన నాలుగూ దానికి ఉన్నాయని నాకు అప్పుడే తెలుసు. కానీ నా కళ్ళ ముందుకు వచ్చినవి ఆ గౌన్లు. ఇప్పుడు అది విడిచినది నేను తొడుక్కోవాలా? రేపు ఏ పెళ్ళికి వెళ్ళినా "చెల్లెలి పాత బండిలో వచ్చింది" అనరా?

"మా అత్తగారికి కాళ్ళు సాపుకోడానికి ఉండాల. మేం కొంచెం పెద్దది సూస్తన్నామే" అన్నాను.

"పోనీ బావనొకసారి అడిగి సెప్పు. నెల్లాళ్ళు ఎవలికీ ఇవ్వంలే" అంది.

మా ఆయనకు ఆ మాట చెప్పలేదు.

పది రోజుల తర్వాత గజపతినగరంలో ఒక కారు చూశాం. వెనక డిక్కీ ఉన్న పొడుగాటి తెల్ల కారు. పదకొండేళ్ళది, ఇద్దరి చేతులు మారింది. మెకానిక్ ఇంజను విన్నాడు, కింద దూరి చూశాడు, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"బండికి జబ్బు లేదు. అయితే ఇది మీలాంటోలు మేపగలిగేది కాదు. ఊల్లో తిప్పితే లీటరుకి పది కూడా ఇవ్వదు. టైర్లు నాలుగూ మార్చాల. నా మాటినండి, వొదిలేద్దాం."

మా ఆయన నా వైపు తిరిగి "ఏటంటావు?" అన్నాడు. నేను అప్పటికే బండి పక్కన ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి అడుగులు లెక్కపెట్టుకున్నాను. చెల్లెలి పాత కారు కంటే రెండడుగులు ఎక్కువే ఉంటుంది. "ఇదే కొందాం" అన్నాను. అనుకున్న మూడు లక్షలకు పైన పడినదానికి నా జూకాలు అమ్మేశాను.

తర్వాత వచ్చిన ఆదివారాల్లో ఒకటి చూసుకుని పాతపట్నం వెళ్ళాం. నిజం చెప్పాలంటే దాన్ని చూపించడానికే వెళ్ళాం. చెల్లెలి పెద్ద బండి ఇంకా రాలేదు. చెల్లెలు కారు చప్పుడు విని వీధిలోకి వచ్చింది. బండి చుట్టూ తిరిగింది, బానెట్టు నిమిరింది. గబగబా లోపలికెళ్ళి గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చి కారుకు మూడుసార్లు దిగదుడిచింది.

"మా అక్క బండి మీద ఎవలి కల్లూ పడకూడదు" అంది.

నేను నేల చూస్తూ నిలబడ్డాను. మూడేళ్ళుగా దాని బండి మీద పడిన కళ్ళు ఎవరివో నాకు తెలుసు.

అన్నాల దగ్గర మా ఆయనకు పప్పు వడ్డిస్తూ మామూలుగా అనేసింది. "మా పాత బండి నెలంతా మీకోసమే ఉంచినాం బావా. మొన్ననే ఒక మాస్టారు తీసుకున్నారు. మీకైతే రెండున్నరకే ఇద్దుము. అక్క పెద్దదే కావాలంది."

మా ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. నా వైపు ఒక్క చూపు చూశాడు. "అవునమ్మా, మా అమ్మకి కాళ్ళు ముడుసుకోడం కష్టం" అని అన్నం కలుపుకున్నాడు. అక్కడే తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు.

హిరమండలం దాటాక రోడ్డు పక్కన కారు ఆపాడు. వెనక పిల్లలిద్దరూ మేలుకునే ఉన్నారు.

"నాకెందుకు సెప్పలేదు?"

"దాని పాత బండి ఎక్కడం ఇష్టం లేక."

"అంటే ఇప్పుడు నీ కుళ్ళుకి నేను పెట్రోలు పొయ్యాలన్నమాట" అన్నాడు. కారు స్టార్టు చేశాడు.

ఆ కారు మాకు అక్కరకు రాలేదు. బంకుకు వెళ్ళిన ప్రతిసారీ ఇద్దరం మొహాలు చూసుకునేవాళ్ళం. రెండో నెల నుంచి దానిమీద పట్టా కప్పేశాం. ఆయన మళ్ళీ మోటారుసైకిలు మీద మిల్లుకు, అత్తగారు మళ్ళీ బస్సులో శ్రీకాకుళం. ఒకరోజు బస్సు మెట్టు మీద ఆవిడ కాలు జారింది. ఎముక విరగలేదు గానీ వారం మంచం దిగలేదు. పెరట్లో పట్టా కింద కారును మంచం మీంచి చూస్తూ పడుకునేది.

నేనే ఆ మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. "అమ్మేయండి" అన్నాను. ధర బాగా తగ్గించుకుని అమ్మాల్సి వచ్చింది. చేతికి వచ్చిన డబ్బుతో బొబ్బిలిలో ఒక రిటైరైన పోస్టుమాస్టరు గారి చిన్న కారు కొన్నాం. తొమ్మిదేళ్ళది. ఆయన ప్రతి సర్వీసు కాగితం ప్లాస్టిక్ కవర్లో దాచి ఉంచారు. రంగు టీ పొడిలా ఉంటుంది. ఈసారి ఆ సంగతి నేనెత్తలేదు. మా ఆయనకు మిల్లులో సెలవు దొరకదు కాబట్టి అత్తగారి కోసం డ్రైవింగు నేనే నేర్చుకున్నాను.

అంతా అయ్యాక చెల్లెలికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. నవ్వేస్తుందనుకున్నాను. నవ్వలేదు.

"అయితే ఇన్నాల్లూ నన్ను సూసి ఏడిసినావా అక్కా?" అని పెట్టేసింది.

పదకొండు రోజులు ఫోన్ లేదు. పన్నెండో రోజు బస్సు దిగి నేరుగా ఇంటికొచ్చింది. "ఏదీ, సూపించు" అంది. పక్కన కూర్చోబెట్టుకుని పొందూరు రోడ్డు పట్టాను. కాసేపు బయటకే చూసింది. తర్వాత గేరు మీద నా చెయ్యి చూసింది. చాలాసేపు చూసింది.

"మా ఇంటికాడ అంత పెద్ద బండి ఉన్నాది. మీ మరిది నన్ను స్టీరింగు ముట్టుకోనివ్వడు. ఎక్కడికెల్లాలన్నా ఆయనకి ఎప్పుడు కుదుర్తాదా అని కాసుకు కూకోవాల" అంది.

ఆ చూపు నాకు తెలిసినదే. దాని మొహంలో ఏనాడూ చూడలేదు. ముందు సంతోషమేసింది. సంతోషపడినందుకు వెంటనే సిగ్గేసింది. ఒక ఖాళీ లేఅవుట్ పక్కన కారు ఆపి, "దిగు. ఇటొచ్చి కూర్చో" అన్నాను.

రెండుసార్లు బండి ఎగిరి ఆగిపోయింది. మూడోసారి క్లచ్చి నెమ్మదిగా వదిలి, పెదవి కొరుక్కుంటూ, లేఅవుట్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిపేసింది. "వొచ్చేసిందే అక్కా!" అని అరిచింది.

ఆమాత్రం నడపడానికి నాకు వారం పట్టింది. చప్పట్లు కొడుతూనే ఆ సంగతి మనసులో లెక్కేసుకున్నాను.