ఉప్పు తుంపర

మలికిపురం దగ్గర సలోమి మేడమ్ ఇంట్లో ముందుగదిలో సోఫా లేదు. సోఫా పట్టే చోట గోడ పొడవునా ఇనుప స్టాండు వేయించి, దాని మీద మూడు గాజుపెట్టెలు పెట్టుకుంది. ఎవరో చేపలు పెంచి విసుగెత్తి అమ్మేసిన పెట్టెలవి. అడుగున గులకరాళ్ళు, వాటి మీద బొగ్గుపొడి, ఆపైన కొబ్బరిపొట్టు పరిచి, లోపల నాచూ ఫెర్న్ మొక్కలూ పెంచేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు పువ్వులేవండీ అని అడిగేవారు. వీటికి పువ్వులుండవని చెబితే, మరెందుకన్నట్టు చూసేవారు.

ఆవిడ రాజోలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్. యాభై దాటింది, పెళ్ళి చేసుకోలేదు. తండ్రి బడిపంతులుగా చేసి, ఒక ఇల్లూ దాని వెనక కొబ్బరితోటా మిగిల్చి పోయారు. అప్పటికి తమ్ముడు క్రాంతికుమార్ ఇంకా చదువుకుంటున్నాడు. అతణ్ణి డిగ్రీ దాకా నెట్టుకొచ్చిందీ, జాస్మిన్‌తో పెళ్ళి చేసిందీ ఆవిడే. తర్వాత ఇంటిని మధ్యగోడతో రెండు వాటాలు చేసుకున్నారు. తోటా చెరిసగం. బోరూ, వెనక వరండా మాత్రం ఇద్దరికీ కలిపి ఉండిపోయాయి.

గాజుపెట్టెల్లో ఆవిడకి ప్రాణమైనది ఒక చిన్న ఫెర్న్. కాలేజీ పిల్లల్ని మారేడుమిల్లి తీసుకెళ్ళినప్పుడు, ఏరు పక్కన తడి బండ మీద దొరికింది. దాని ఆకు ఉల్లిపొర కన్నా పల్చన. వెలుతురుకి పట్టుకుంటే అవతలి వేలు కనిపించేది. ఒక్క పూట గాలి ఆరితే ముడుచుకుపోయే రకం. కోనసీమ ఎండలకి ఇది బతకదని తోటి లెక్చరర్లంటే, బతికించి చూపించింది. పొద్దున్నా సాయంత్రమూ చేతిపంపుతో నీళ్ళు చిమ్మేది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఆటో ఎక్కి వచ్చి, చిమ్మి, మళ్ళీ వెళ్ళేది.

ఇబ్బందల్లా వేసవిలో. పేపర్లు దిద్దడానికి రాజమండ్రి వెళ్తే వారాలకి వారాలు అక్కడే ఉండాలి. కిందటి ఏడు ఆ పని జాస్మిన్‌కి ఒప్పజెప్పి వెళ్తే, ఆమె రెండు రోజులు చేసి మర్చిపోయింది. సగం నాచు ఎండిపోయింది. ఈసారి మనుషుల మీద ఆధారపడకూడదని సలోమి నిశ్చయించుకుంది.

మలికిపురంలో మంచినీళ్ళ ఫిల్టర్లు బాగుచేసే నాగబాబుని పిలిపించింది. అతను పాత ఫిల్టర్‌లో పంపు ఒకటి విప్పి తెచ్చాడు. సన్నటి గొట్టమూ, ఇత్తడి నాజిళ్ళూ, టైమరూ ఆవిడే ఆన్‌లైన్లో తెప్పించింది. ఒక ఆదివారం ఆవిడ ప్రార్థన ముగించుకుని గుడి నుంచి రాగానే ఇద్దరూ కూర్చుని పని మొదలుపెట్టారు. వెనక వరండాలో నీలం డ్రమ్ము, అందులోంచి పంపుకి గొట్టం, పంపు నుంచి గోడ వెంబడి ముందుగదికి ఇంకో గొట్టం. పెట్టెల మూతలకి రంధ్రాలు పొడిచి నాజిళ్ళు బిగించారు. గంట గంటకీ కాసేపు చిమ్మి ఆగేలా టైమరు తిప్పారు. డ్రమ్ములో ఉన్నది వాననీరు. కార్తీకం వానలకి డాబా మీద నుంచి గుడ్డ కట్టి పట్టుకుని, మూతపెట్టి దాచుకున్నది.

"బోరు నీళ్ళు మాత్రం పొయ్యకండి మేడమ్‌గారూ. మీ బోరు సంగతి మీకు తెలిసిందే కదండీ" అన్నాడు నాగబాబు.

తెలుసు. రెండేళ్ళ కిందట క్రాంతికుమార్ తన వాటా కొబ్బరిచెట్లు కొట్టించి ఉప్పునీటి రొయ్యల చెరువు తవ్వించాడు. దానికి పక్క భూమి వాళ్ళ అంగీకారం కావాలని కాగితం తెస్తే, సలోమి అన్నం తింటున్నది లేచి, చెయ్యి కడుక్కుని సంతకం పెట్టింది. తమ్ముడు అడిగితే చదివి పెట్టడమేమిటనుకుంది. ఏడాది తిరగకుండానే బోరు నీళ్ళ రుచి మారింది. వేసవి కదా అన్నాడు క్రాంతి. వేసవి వెళ్ళినా మారలేదు. రెండు వాటాల్లోకీ క్యాన్ నీళ్ళు రావడం మొదలైంది. ఎందుకని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

టైమరు నొక్కగానే పంపు గుర్రుమంది. పెట్టెల నిండా సన్నటి తుంపర కమ్ముకుంది. నాగబాబు వెళ్ళిపోయాక కూడా ఆవిడ కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుంది. మళ్ళీ గంటకి పంపు దానంతటదే మోగితే, ఒక్కతే నవ్వుకుంది.

పేపర్లు దిద్దడం ముగించుకుని ఏప్రిల్ చివర్లో ఇంటికి వచ్చింది. తాళం తీస్తుండగానే లోపల పంపు చప్పుడు వినిపించింది. హమ్మయ్య అనుకుంటూ తలుపు తోసింది.

గాజుపలకలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. లోపల ఏముందో కనిపించలేదు. మూత ఎత్తి చూస్తే నాచంతా తుప్పు రంగుకి తిరిగింది. మారేడుమిల్లి ఫెర్న్ ఉన్నచోట నల్లటి దారపుపోగుల్లాంటివి మిగిలాయి. సగం నాజిళ్ళు పూడుకుపోగా, తక్కినవి ఇంకా చిమ్ముతూనే ఉన్నాయి. ఆవిడ ఆ తుంపరకి అరచెయ్యి పట్టి నాలిక్కి రాసుకుంది. ఉప్పు.

వెనక వరండాలోకి వెళ్ళి డ్రమ్ము మూత తీసింది. నిండుగా ఉంది. తను వెళ్ళేటప్పుడు కూడా అంత నిండుగా లేదు.

మధ్యగోడ అవతల నుంచి జాస్మిన్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు.

"తలకి పోసుకున్నామండీ వదినగారూ, నేనూ పాపా. బోరు నీళ్ళకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతోందండీ. వాననీళ్ళు కదా అని కొంచెం కొంచెం తీసేను. అడుగుకొచ్చేసరికి భయమేసి ఆయనతో చెప్పేను. మీకు తెలియకూడదని ఆయన బోరు నీళ్ళు పట్టేసేరు."

జాస్మిన్ తలగుడ్డ పక్కన పల్చబడిన పాపిట కనిపిస్తోంది.

సాయంత్రం క్రాంతికుమార్ చెరువు మీద నుంచి రాగానే, డ్రమ్ములోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి అతని ముందు పెట్టింది.

"తాగు తమ్ముడూ."

అతను గ్లాసుని చూసి, కాళ్ళు కడుక్కుని వస్తానని లేవబోయాడు. తాగి వెళ్ళమంది. నాలుగు గడ్డిమొక్కలు పోతే ఇంత రాద్ధాంతమా, కొండల్లో కావలసినన్ని ఉంటాయి కదా అన్నాడు. చెరువు నీళ్ళు బోరులోకి దిగాయని ఎవరు చెప్పారన్నాడు. ఆవిడ గ్లాసు ఇంకొంచెం ముందుకి జరిపింది.

అతను గ్లాసు ముట్టుకోలేదు.

"సంతకం నువ్వూ పెట్టేవు కదక్కా" అన్నాడు. గొంతు పెంచలేదు. మామూలుగా, ఏదో గుర్తు చేస్తున్నట్టు అన్నాడు.

ఆ తర్వాత ఆవిడ అమలాపురం వెళ్ళి చెరువు సంగతి రెండు ఆఫీసుల్లో అడిగి చూసింది. కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. చెరువుకి అనుమతి ఉందండీ, మీ అంగీకారం కూడా ఉందండీ అన్నారు. ఆ మధ్యాహ్నం బస్సులో తిరిగి వస్తుంటే ఆవిడకి కోపం కన్నా సిగ్గు ఎక్కువగా వేసింది.

గాజుపెట్టెలు కడగడానికి నాగబాబు వచ్చాడు. ఫిల్టరు నీళ్ళతో మళ్ళీ మొదలుపెడదామన్నాడు. ఆవిడ వద్దని, పంపూ నాజిళ్ళూ అతన్నే పట్టుకుపొమ్మంది. నాచునీ కొబ్బరిపొట్టునీ తీసి తోటలో పారబోసింది. అప్పుడే చూసింది, తన వాటా చెట్లకి కూడా మట్టలు పసుపెక్కాయి, పిందెలు రాలి కింద పరుచుకున్నాయి.

మరుసటి ఏడు ఆ తోటని కూడా క్రాంతికే లీజుకి రాసిచ్చేసింది. అందులో ఇంక రొయ్యలు తప్ప ఏవీ పెరగవు. ఈసారి కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివింది. క్రాంతి సంతోషపడి, నీకు నామీద కోపం లేదని నాకు తెలుసక్కా అన్నాడు. పెన్ను మూతపెట్టి అతనికి ఇచ్చేసింది.

కొబ్బరిచెట్లు కొట్టడం మొదలుకాకముందే రాజోలులో కాలేజీ దగ్గర మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకుంది. ఇంటావిడ పద్మావతిగారు గదులు చూపిస్తూ, బాల్కనీలో కుండీలు పెట్టుకోవచ్చనీ, బోటనీ మేడమ్ కదా మొక్కలు పెంచే అలవాటు ఉంటుందనీ అన్నారు.

"లేదండీ" అంది సలోమి.