కుడికాలికి ఒప్పని ఎర్ర కారు

వాడేది ఆడవాళ్ళు, ఎంచేది మగవాళ్ళు. మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా అంతే అనుకునే రోజులవి. రుబ్బేది అమ్మ అయితే గ్రైండరు ఎంచింది నాన్న, అదీ రంగు చూసి. అలాంటిది, గుడియాత్తంలో నడుపుతున్న షేర్ ఆటోను అమ్మేసిన మా అన్న, పెళ్ళి ఊరేగింపులకు బాడుగకిచ్చే స్పోర్ట్స్ కారు కొనబోతూ, "పెండ్లికూతురు మాదిరి ఎక్కి దిగి చూడాల, నువ్వూ రా పాపా" అనేసరికి, దేవుడు నా మొర విన్నాడని దండం పెట్టుకున్నాను. (బడికి పోకుండా మగ్గం పక్కన నాన్న దగ్గరే చదువుకున్నదాన్ని. నన్నొకరు పిలవడమే గొప్ప.) కొన్న కారుకు బాడుగలు రాకపోతే అన్న మళ్ళీ పరాయివాళ్ళ ఆటోకు డ్రైవరే. ఆ భయం ఇంట్లో అందరికీ ఉంది.

వేలూరులో పాత కార్లు అమ్మే షెడ్డుకు, అమ్మ పెళ్ళి పట్టుచీర కట్టించి మా పెద్దమ్మ నన్ను టౌన్ బస్సులో తీసుకుపోయింది. అన్న ముందే అక్కడికి చేరాడు. పెళ్ళికాని పిల్లకు పూలమాల తగదని, మా మగ్గం మీద నేసిన రెండు కొత్త లుంగీలు మెలిపెట్టి మెడలో వేసింది. షెడ్డు పక్క టీ కొట్టు నుంచి ఎవరో, "మాప్పిళ్ళై యాడమ్మా?" అని పెండ్లికొడుకును అడుగుతూ అరిచారు. పందొమ్మిదేళ్ళ పిల్లకు అంతకన్నా అవమానం ఏముంటుంది!

మూడు కార్లు నిలబెట్టారు. ఎర్రది చిన్నది, నేలకు అతుక్కున్నట్టు ఉంది, రెండే తలుపులు. నీలానిదీ రెండే తలుపులు, పైకప్పు మడిచేయవచ్చు. తెల్లదానికి నాలుగు తలుపులు. ముందు ఎర్రదాంట్లో డ్రైవరు పక్కన, ఎడమవైపు కూర్చున్నాను. దిగబోతే పెద్దమ్మ, "కుడికాలు! కొత్తకోడలు ఎడమకాలు పెట్టి దిగితే అత్త ఊరుకుంటాదా?" అని కేక. తలుపు ఎడమవైపు ఉంటే ముందు వచ్చేది ఎడమకాలే కదా! కుడికాలిని దాని మీదుగా తిప్పి బయట పెట్టబోయి ఇరుక్కుపోయాను. లుంగీల మాల తలుపు పిడికి చుట్టుకుంది, ఒక చెప్పు కారు కిందికి పోయింది. షెడ్డు ఓనరు, "స్టైల్ బండి అంటే అట్లే ఉంటాది మా, పళగిపోతుంది, అలవాటైతే సరి" అన్నాడు. నీలందాంట్లోనూ అదే కథ, పైగా జడలో పూలు గాలికి పోయాయి. తెల్లదాంట్లో వెనక కుడివైపు కూర్చున్నాను. తలుపు తీయగానే కుడికాలు తనంతట తానే నేల మీదికి దిగింది.

ఆ ఒక్క మాట తప్ప, ఈ లోపల అన్నా, ఓనరూ నావైపు చూస్తే ఒట్టు.

"ఎర్రదాని సౌండు విన్యావా అన్నా? పికప్పు చూడు," అన్నాడు ఓనరు మా అన్నతో.

"సూపరా ఉండాది. నీలంది?"

"వాన వస్తే పెండ్లికొడుకు తడస్తాడు. తెల్లదంటావా, ఆస్పత్రి డాక్టరు బండి మాదిరి ఉండాది."

"అయితే ఎర్రదే," అన్నాడు అన్న.

నాకు కళ్ళు మండాయి. "ఇరుక్కున్నది నేను, చెప్పు పోయింది నాది! ఆ పిక్కప్పూ గిక్కప్పూ పెండ్లికూతురికి ఎందుకు? ఊరేగింపులో బండి నడిచే మనిషి వెనకనే గదా పోతాది! నన్ను తోడుకొచ్చింది బొమ్మ మాదిరి కూర్చోబెట్టడానికా?" అని అరిచాను. (అంత గట్టిగా అరవడం అదే మొదలు. తరువాత దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాను, అన్నకు మాత్రం చెప్పలేదు.) ఓనరు నవ్వాడు. "కాలు ఏదైతే ఏమి మా!" పెద్దమ్మ అతని వైపు చూసిన చూపుకు ఆ నవ్వు ఆగిపోయింది.

అన్న ఏదీ ఖాయం చేయకుండానే మాతో తిరిగి బస్సెక్కాడు. పళ్ళికొండ దాటాక మెల్లగా, "నిజం చెప్పు పాపా, ఏది దిగితే నీకు సుళువుగా ఉండె?" అన్నాడు. ఆ ప్రశ్న నన్నెవరైనా అడగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. "తెల్లది," అన్నాను, కోపం తగ్గనివ్వకుండా.

తెల్లదే కొన్నాడు. స్వామి దయవల్ల ముహూర్తాల నెలల్లో దానికి తీరికే ఉండదు, పరదరామి దాకా పిలుస్తారు. అయితే ఆ రోజు అన్నకు ఒక సంగతి చెప్పలేదు. ఎర్రదాంట్లో ఇరుక్కున్నప్పుడు, ముందున్న చిన్న అద్దంలో నా ముఖం కనిపించింది. పట్టుచీర అంచు, ఎర్రటి తలుపు, వెనక వేలూరు ఆకాశం. కాసేపు నాకు దిగాలనిపించలేదు.

ఇప్పటికీ అలాంటి ఎర్ర బండి రోడ్డు మీద పోతుంటే తల తిప్పి చూస్తాను. పక్కన అన్న ఉంటే మాత్రం, "దాంట్లో ఏముండాది, ఉత్త సౌండు," అంటాను.