వేడి టీ తాగని మా అత్త

మా మేనత్త పోయింది. ఆ కబురు నాకు చుట్టాలెవరూ చెప్పలేదు. రాయగడ బజారులో ఆమె క్లినిక్ ఎదుట టీ అమ్మే ముసలాయన ఫోన్ చేసి చెప్పాడు. ఒడియావాడే గాని, మా తెలుగువాళ్ళ మధ్య బతికి మా మాటే మాట్లాడతాడు. ఆ ఉదయం నేను దూరాన లమ్తపుట్ అనే ఊరు వెళ్ళి, ఒక పెద్దావిడ మోకాలికి వ్యాయామం చేయిస్తున్నాను.

"అమ్మీ, పొద్దున టీ అట్టుకుని ఇంటికెల్తే మీ అత్త తలుపు తియ్యలేదు. పక్కోళ్ళొచ్చి తీసేరు. నిద్దర్లోనే ఎల్లిపోయింది" అన్నాడు. మళ్ళీ తనే, "టీ గలాసు ఇంకా నా సేతిలోనే ఉంది" అన్నాడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

ఆ గ్లాసు సంగతి చెప్పాలి. మా కొండల్లో చలికాలం చేతులు కొంకర్లు పోతాయి. పేషెంటు బల్ల మీద పడుకోగానే అత్త టీ తెప్పించేది. తాగడానికి కాదు. గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, చేతులు వెచ్చబడ్డాక దాన్ని పక్కన పెట్టి, అప్పుడు వెన్ను మీద చెయ్యి వేసేది. పని అయ్యేసరికి టీ మీగడ కట్టి చల్లారిపోయేది. దాన్నే గటగటా తాగేసేది. మే నెల ఎండల్లోనూ ఇదే చాదస్తం. ఇదేమిటత్తా అంటే, "సల్లటి సెయ్యి ఏస్తే ఒళ్ళు బిగదీసుకుంటాదే. బిగదీసుకున్నోళ్ళతో ఏటి మాటాడగలం?" అనేది.

ఆమెది కైరోప్రాక్టిక్, అంటే వెన్నెముకనీ కీళ్ళనీ చేత్తో సరిచేసే విద్య. మా నాయనమ్మ నర్సు. కూతుర్ని కూడా నర్సింగులో చేరమంటే, వినకుండా పరదేశం పోయి ఈ చదువు చదివొచ్చింది. వచ్చాక ఆమెని ఏమని పిలవాలో ఎవరికీ తెలియలేదు. చర్చిలో డాక్టరమ్మ అన్నారు. ఊళ్ళో డాక్టర్లు మసాజు మనిషి అన్నారు. బజారు షావుకార్లు ఆ క్లినిక్‌కి 'నడుం కొట్టు' అని పేరెట్టేశారు. నాకు ఒళ్ళు మండేది, ఆవిడ పకపకా నవ్వేది. బోర్డు మీద డాక్టర్ అని రాయించమని ఎంత పోరినా వినలేదు.

"మన దేశంలో ఈ సదువుకి ఆ మాట ఇంకా ఇవ్వలేదు కదే. ఇవ్వంది నానెలా ఎట్టుకుంటాను?" అనేది. పేరు కింద కైరోప్రాక్టర్ అని, దాని కింద మెడ, వెన్ను, నడుము అని రాయించి ఊరుకుంది.

నేను ఫిజియోథెరపీ చదివి ఆమె దగ్గరే కుదిరాను. రోజూ వాదనే. ఆమె విద్యని మొదలుపెట్టినవాళ్ళు రోగాలన్నిటికీ వెన్నెముకే మూలమన్నారట. "షుగరుక్కూడానా అత్తా?" అని ఎకసెక్కం చేశాను.

"పెద్దోళ్ళు సెప్పినవన్నీ నెత్తినెట్టుకోవాలేటి? అందులో పట్టుకోవాల్సింది ఒకటుంది. రోగం మాన్చుకోడం ఒళ్ళే సూసుకుంటాది. మనకి సేతనైతే అడ్డం తియ్యాలి, లేపోతే మనమే అడ్డం తప్పుకోవాలి" అంది. 

మా బజారులో ఒక పిచ్చి నమ్మకం ఉంది. వెన్ను నొక్కినప్పుడు 'టక్' మంటేనే పని జరిగినట్టు, అనకపోతే మోసపోయినట్టు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కూడా చెవులు రిక్కించి వినేవారు. ఒకసారి బియ్యం టోకు వ్యాపారి ఒకాయన నడుం పట్టుకుని వచ్చాడు. అత్త వెన్నంతా తడిమింది. ఒకచోట ఆమె వేళ్ళు ఆగాయి. సాయంత్రాలు జ్వరం వస్తోందా, ఒళ్ళు తగ్గుతోందా అని అడిగింది. అవునన్నాడు. ఆమె చేతులు తీసేసింది.

"షావుకారు గారూ, నాను నొక్కను. ముందు పెద్దాస్పత్రిలో సూపించుకోండి."

"ఆస్పత్రే కావాలంటే ఆడికే పోదును. టక్‌మనిపిస్తారనే గదా మీకాడికొచ్చేను!"

"అనిపించను."

"సెయ్యడం రాదని సెప్పొచ్చు కదేటి!" అని అరుచుకుంటూ పోయాడు.

ఆ మాట బజారంతా పాకింది. కొన్నాళ్ళు మా బల్ల మీద ఈగలు తోలుకున్నాం. "ఒక్క టక్ అనిపిస్తే నీ సొమ్మేం పోయేదత్తా?" అని విరుచుకుపడ్డాను.

"సెయ్యి ఎయ్యడం ఎవరికైనా వస్తాదే. తీసెయ్యడం కూడా వస్తేనే ఈ పని సెయ్యాలి" అంది, చల్లారిన టీ తాగుతూ.

ఆయనకి వెన్నులో క్షయ అని తేలింది. ఆ ఎముక మీద గట్టిగా నొక్కి ఉంటే కాళ్ళు పడిపోయేవేమో. ఆస్పత్రి మందులతో కోలుకున్నాడు. పొరపాటైందని చెప్పలేదు గాని, తర్వాత వాళ్ళమ్మని మెడనొప్పికి తీసుకొచ్చాడు. టక్ అందా లేదా అని అడక్కుండా బయట బుద్ధిగా కూర్చున్నాడు.

అత్తని సమాధి చేసి వచ్చాక క్లినిక్ గది యజమాని కబురు పెట్టాడు. నేను నడపకపోతే సెల్‌ఫోన్ల షాపుకి ఇచ్చేస్తాడట. ఏదో ఒకటి తేల్చడానికి నాకు గుండె చాలలేదు. జనం వచ్చింది ఆమె చేతుల కోసం. మూసేస్తే ఆమె పని ఆమెతోనే మట్టిలో కలిసిపోతుంది. తెరిస్తే, ఆమె లేని గదికి ఎవరొస్తారు? ఆయనకి జవాబు చెప్పేముందు ఒక్కసారి చూద్దామని సోమవారం తాళం తీశాను.

బల్ల తుడుస్తుంటే ఆ బియ్యం షావుకారే వచ్చాడు. బస్తా ఎత్తబోతే నడుం పట్టేసిందట.

"అమ్మీ, మీ అత్త పని నీకొచ్చా?"

"నాది వేరే చదువండీ. ఆవిడ నేర్పినంత మటుకు వచ్చు."

"అది కాదు. సెయ్యకూడకపోతే సెయ్యనని సెప్తావా, నాను అరిసినా?"

 "చెప్తాను" అన్నాను.

"అయితే సూడు" అని చొక్కా విప్పాడు.

జ్వరం దగ్గర్నుంచి అడగవలసినవన్నీ అడిగాను. విసుక్కోకుండా చెప్పి, బోర్లా పడుకున్నాడు. చెయ్యి వెయ్యబోతే నా వేళ్ళు మంచులా ఉన్నాయి. ఆగాను. తలెత్తి చూస్తే గుమ్మంలో టీ ముసలాయన. టీ తెమ్మని నేను చెప్పనే లేదు. గ్లాసు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

రెండు అరచేతుల మధ్య పెట్టుకున్నాను. చేతులు వెచ్చబడ్డాయి. గ్లాసు కిటికీ దగ్గర పెట్టి, షావుకారు వెన్ను మీద చెయ్యి వేశాను. అక్కడ టీ పొగలు కక్కుతోంది. చల్లారనీ.