ఇగ వస్త

మొదటి క్లాసు రోజున ప్రొఫెసర్ లోపలికి రాగానే నేను లేచి నిలబడ్డాను. ఒకటో తరగతి నుంచీ ఒంట్లో ఇంకిపోయిన అలవాటు, కాళ్లు నన్ను అడగలేదు. ఆ ఏడు కెనడాలో వాటర్లూ కాలేజీలన్నీ మన పిల్లలతో కిటకిటలాడుతున్నాయి. కుర్చీలు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. అంతమందిలో నిలబడింది నేనొక్కదాన్నే అనుకుని, సిగ్గుతో చచ్చిపోతూ వెనక్కి చూశాను. చివరి వరసలో, గోడ పక్కన ఇంకొకాయన నిలబడి ఉన్నాడు. మా నాన్న వయసు, పొట్టి క్రాపు, కర్రలా నిటారుగా. ప్రొఫెసర్ నవ్వి ఇద్దరినీ కూర్చోమన్నారు.

ఆయన కెనడా సైన్యంలో సార్జెంటుగా చేసి బయటికొచ్చాడు. అలా వచ్చినవాళ్లు చదువులో కుదురుకోవడానికి మా కాలేజీ తోటి విద్యార్థి ఒకరిని సాయంగా ఇస్తుంది. ఎవరు కావాలని అడిగితే, "ఆ నిలబడ్డ అమ్మాయి" అన్నాడట.

నాకు సహనం పుట్టుకతోనే తక్కువ. ఆయన నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగేవాడు. కూర్చుంటే మోకాలు ఆడేది, దాంతో బల్ల ఆడేది, నా టీ ఒలికేది. కారిడార్లో ఎవరైనా తలుపు దబాల్న వేస్తే మాట మధ్యలోనే ఆగిపోయేది. ఆయన్ని చూసి చూసి నాకూ ఒకచోట కాలు నిలిచేది కాదు.

పేరు పెట్టి పిలవడానికి నోరు రాక "సార్" అన్నాను.

"సార్లంటే ఆఫీసర్లు. నేను పనిచేసి బతికినవాణ్ణి."

"అయితే అంకుల్."

"ఎవరికి అంకుల్ని?"

"మా వాళ్లందరికీ" అన్నాను. మొదటిసారి నవ్వాడు.

మా ఇద్దరికీ చిక్కల్లా ఒక వ్యాసంతో వచ్చింది. దేని మీదైనా సరే, మీ అభిప్రాయం రాయండి అన్నారు.

"ఇరవై ఏళ్ల సర్వీసులో నా అభిప్రాయం ఎవరూ అడగలేదు" అన్నాడు.

"నన్ను మాత్రం ఎవరడిగారు? బట్టీ పట్టమన్నారు, పట్టాను" అన్నాను. ఖాళీ స్క్రీన్ ముందు ఇద్దరం దద్దమ్మల్లా కూర్చున్నాం.

"శుక్రవారంలోగా కోర్సు వదిలేస్తే ఫెయిలని పడదు. వదిలేస్తాను. ఇక్కడ ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు" అన్నాడు. ఇంట్లో ఆయనొక్కడే ఉంటాడని నాకు తెలుసు. కాలేజీ కూడా లేకపోతే పొద్దున లేచి బూట్లు వేసుకోవడానికి ఆయనకు ఏ కారణమూ ఉండదు. నాకు నిజంగా భయం వేసింది.

ఎలాగో బుధవారం సాయంత్రానికి రెండు పేరాలు పడ్డాయి. ఈలోగా కాఫీ షాపులో నా షిఫ్టుకు టైమైపోయింది. బ్యాగు భుజాన వేసుకుని, "ఓకే అంకుల్, ఐ విల్ కమ్" అంటూ ట్రైన్ కోసం పరిగెత్తాను.

గురువారం ఆయన క్లాసుకు రాలేదు. ఫోన్ చేశాను.

"వస్తానన్నావు. బిల్డింగ్ మూసేదాకా కూర్చున్నాను" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

"వెళ్తున్నాననే కదా చెప్పాను!" అని అరిచాను. పెట్టేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బేస్‌మెంట్ గదికి వచ్చి, గుంటూరు రూమ్‌మేట్ ముందు గిన్నెలు ఎత్తి పడేస్తూ ఆయన్ని తిట్టిపోశాను.

"వచ్చేముందు ఏమన్నావే?" అంది.

"ఏమంట? ఇగ వస్త అన్న. ఐ విల్ కమ్ అని."

"పిచ్చి మొహమా! ఇంగ్లీషులో దానర్థం మళ్లీ వస్తాననే కదే. ఆయనసలే మిలిటరీ మనిషి. వస్తానంటే కదలకుండా కూర్చోడూ?"

ఓరి దేవుడా! చేతిలో గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను. అది నవ్వుతోంది, నాకు నవ్వు రాలేదు.

శుక్రవారం ఆయన కోర్సు వదిలేసే ఆఫీసు బయటే దొరికాడు. కుర్చీలున్నా నిలబడే ఉన్నాడు. ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. "మాలో బయల్దేరేటప్పుడు 'పోతా' అనకూడదు అంకుల్. పోవడమంటే చావు. చిన్నప్పుడు అలా అంటే మా నానమ్మ నెత్తిమీద ఒకటిచ్చేది, 'పోత కాదు, పోయొస్త అనాలె' అని. అందుకే గడప దాటుతూ 'వస్తా' అంటాం. పక్క వీధికి వెళ్లినా అదే, మళ్లీ ఎప్పటికీ కలవకపోయినా అదే."

ఆయన నేలకేసి చూశాడు.

"మా దళంలో తిరిగిరాని కుర్రాళ్లు 'వెళ్తున్నా' అనే వెళ్లారు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "వదిలెయ్యకండి అంకుల్. మీరు లేకపోతే ఆ క్లాసులో నేనొక్కదాన్నే నిలబడాలి" అన్నాను.

ఆయన ఆఫీసు తలుపు తీసి, సగంలో ఆగి, వెనక్కి తిరిగాడు. "ఓకే. ఐ విల్ కమ్" అని లోపలికి వెళ్లిపోయాడు.

అది వాళ్ల లెక్కన అన్నాడా, మా లెక్కన అన్నాడా? తిరిగి వస్తాననా, సెలవనా? శని, ఆదివారాలు షాపులో ఒకరి కాఫీ ఇంకొకరికిచ్చి తిట్లు తిన్నాను. ఫోన్ తీయడం, మళ్లీ జేబులో పెట్టుకోవడం. అడిగితే ఏం చెబుతాడోనని హడలు.

సోమవారం ప్రొఫెసర్ లోపలికి వచ్చారు. నేను లేచి నిలబడ్డాను. వెనక్కి చూసే ధైర్యం లేక బోర్డు మీదే కళ్లు పెట్టుకున్నాను. వెనక గోడ దగ్గర ఒక కుర్చీ కిర్రుమంది.