ముసలాయన కర్ర

జెరూసలేంలో పనికి పోయి నేను చూసుకున్న ముసలాయన నీళ్లడగాలన్నా కర్రతోనే కొట్టేవాడు. ఒకరోజు కోటగోడల లోపలి యూదుల వాడకు, ఆయన చిన్నప్పుడు యుద్ధంలో వాళ్ల కుటుంబాన్ని వెళ్లగొట్టిన ఇంటికి, ఆయన్ను చక్రాల కుర్చీలో తోసుకెళ్లాను. మా ఊరు రాయికల్‌లో చేసినట్టే వంగి గడపకు మొక్కాను. కర్ర నా కుడి మణికట్టు మీద పడింది. యూదులు ముద్దాడేది గడపను కాదు, ద్వారబంధానికి కొట్టిన, దేవుని వాక్యాలున్న డబ్బీనట!

"గడపకు మొక్కితె గూడ కొడ్తవా, తాతా?" అన్నాను. తెలుగు రాదు కదా, మళ్లీ కొట్టాడు.

తలుపు తట్టాను, ఇప్పుడు ఆ ఇంట్లో ఉండేవాళ్లు తీయలేదు. కర్ర విరిగేదాకా తలుపును బాదాడు. తర్వాత ఏడ్చాడు. తప్పయిందని నాతో చచ్చేదాకా అనలేదు. కన్నీళ్లు తుడవడం నా పనే. తుడిచే చెయ్యి అప్పటికే వాచిపోయింది.