మూడు గాట్ల తెడ్డు

నేను కాపురానికి వచ్చిన మరుసటేడు కొండల్లో పితూరీ లేచింది. కొండవాళ్ళు తెల్లదొరల మీద తిరగబడ్డారని, ఠాణాలు తగలబెట్టారని సంతలో చెప్పుకునేవారు. మాది గోదావరి పాయ పక్కన చేపలు పట్టుకు బతికే పల్లె. అదంతా ఎక్కడి గొడవో అనుకున్నాను.

ఒకరోజు మా ఆయన పడవ లేకుండా ఇంటికి వచ్చాడు. వరదకి కొట్టుకుపోయిందని అత్తతో చెప్పాడు. నన్ను మాత్రం వలలు ఆరేసిన చోటికి తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పాడు. తిరగబడ్డవాళ్ళని ఏరు దాటించాడట. సిపాయిలు చుట్టుముడితే పడవ వదిలేసి, మునిగి ఈదుకుంటూ బయటపడ్డాడట.

"తెలిస్తే ఉరే. అమ్మకి చెప్పకు, ఆవిడ నోట్లో మాట దాగదు," అన్నాడు.

అప్పట్నుంచీ వీధిలో ఎవరు దగ్గినా లేచి తలుపు గడియ చూసుకునేదాన్ని.

పితూరీ అణిగాక నేనూ అత్తా ఎండుచేపల గంపలతో రాజమహేంద్రవరం వెళ్ళాం. గంపలు ఖాళీ అయ్యాక తెలిసింది, పితూరీలో దొరికిన సామానంతా రేవు దగ్గర పాకలో పెట్టి జనానికి చూపిస్తున్నారని. చూసి భయపడతారని దొరల ఆలోచన కాబోలు. జనం మాత్రం తిరనాళ్ళకి వచ్చినట్టు వచ్చారు.

"అత్తా, పడవెళ్ళిపోద్ది," అన్నాను.

"పోతే ఇంకోటొస్తది. కొండోళ్ళ బాణాలంటనే పిల్లా! ఇంత దూరమొచ్చి చూడకుండా పోతామా?"

"నాకు కడుపులో నొప్పిగా ఉంది."

"పొద్దున్న నా వాటా చద్దన్నం కూడా తిన్నావు, నొప్పెట్టదా మరి? నడు."

లోపల విల్లులు, బాణాలు, తుప్పు పట్టిన తుపాకులు, తోలు చిరిగిన డప్పు బల్లల మీద పరిచి ఉన్నాయి. ఒక గుడ్డ సంచిలో ఇంకా కాసిని సోళ్ళ గింజలు ఉన్నాయి. ఎవరు తినాలని మూటగట్టుకున్నారో! అన్నీ కొండ సామాన్లే కదా అని కాస్త ఊపిరి పీల్చుకున్నాను. చివర్న గోడకి ఆనించి మా తెడ్డు ఉంది.

వానలో చెయ్యి జారకుండా మా మామ పిడి మీద మూడు గాట్లు పెట్టి చెక్కిన తెడ్డు అది. ఆ గాట్లలో ఏటా దసరాకి అత్త పసుపు కూరేది. మా ఇంట్లో తెడ్డుని దాటి వెళ్ళేవాళ్ళు ఎవరైనా దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకోవాల్సిందే. నేను అత్త కొంగు పట్టుకుని లాగాను. అప్పటికే ఆవిడ చెయ్యి అలవాటుగా వెళ్ళి గాట్లని తాకింది. కళ్ళకద్దుకుంది.

కాపలా జవాను చూశాడు. "ఏయ్ ముసలమ్మా! ఆ తెడ్డుకేంటి దండం? నీ మొగుడిదా?"



"నా మొగుడు ఏనాడో పోయాడు బాబూ. ఎల్లి అడిగొచ్చి చెప్పమంటారా?" అంది అత్త. జనం గొల్లున నవ్వారు, జవానూ నవ్వాడు. "దసరాకి ఆయుధాలకి దండం ఎట్టుకోమా? మీ తుపాకీకి మీరెట్టుకోరా?"

అంతటితో ఊరుకోలేదు. మళ్ళీ మొదటికి వెళ్ళి విల్లుకీ బాణాలకీ డప్పుకీ, ఆ సోళ్ళ సంచికీ వరసగా దండం పెట్టుకుంటూ వచ్చింది. వెనకవాళ్ళూ ముట్టుకుని కళ్ళకద్దుకోవడం మొదలెట్టారు. ముందు నవ్విన జవానే, "ఎహె, ఇదేమన్నా గుడా? కదలండి!" అని కేకలేశాడు. ఆ తోపులాటలో బయటపడ్డాం.

పడవ నడిగోదావరిలోకి వచ్చాక అత్త నా చెవి దగ్గరకి వంగింది.

"నా నోట్లో మాట దాగదని చెప్పాడా నీకు?"

నేను ఖాళీ గంపని ఒళ్ళోకి లాక్కున్నాను.

"ఆణ్ణి కొత్త తెడ్డు చెక్కుకోమను. గాట్లు మాత్రం ఎట్టొద్దను."

"వానలో చెయ్యి జారుద్ది కదా అత్తా?"

"జారనీ," అంది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.